ఎడమ చేతి తుపాకీ

నేను తుపాకీ కొన్నది అన్నం కోసం. ఇలా అంటే ఎవరికీ తలాతోకా అర్థం కాదు, అందుకే ముందు మా ఆయన సంగతి చెప్పాలి.

మా ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలు మెల్లగా తిరిగొచ్చింది, మాట కూడా చక్కబడింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. వేళ్లు ముడుచుకుంటాయి, మళ్లీ విప్పమంటే విప్పుకోవు. థెరపీకి తిప్పాను, నూనెలు రాశాను, ఎవరేం చెబితే అది చేశాను. మనిషి దక్కాడు, చెయ్యి పోతే పోయిందిలే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువే. పోయింది నా చెయ్యి కాదుగా.

హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చాక మమ్మల్ని మొదట భోజనానికి పిలిచింది ఒక గుండె డాక్టరు గారు. మేం అమెరికాలో ఈ నేపర్‌విల్‌కి వచ్చినప్పటి నుంచీ మా ఆయనకి ప్రాణస్నేహితుడు. వాళ్లింట్లో నేను ప్లేట్లో అన్నీ పెట్టిచ్చాను. మా ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు చూసి, ఎడమ చేత్తో స్పూన్ పట్టుకున్నారు. గుత్తి వంకాయ జారి కార్పెట్ మీద పడింది. మర్యాదస్తులు కదా, అందరూ ఒక్కసారే టీవీ వైపు తిరిగారు. టీవీలో కారు ఇన్సూరెన్స్ యాడ్ వస్తోంది. అంతమంది చదువుకున్నవాళ్లు ఆ యాడ్‌ని అంత శ్రద్ధగా చూడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ రోజు నుంచి ఆయన ఎవరి ముందూ తినడం మానేశారు. నా ముందు కూడా. ప్లేట్ తీసుకుని గదిలోకి పోయి తలుపేసుకుంటారు. కాసేపటికి సగం అన్నంతో ప్లేట్ బయటికొస్తుంది. నేను తినిపిస్తానంటే, నేనేమన్నా పసిపిల్లాడినా అని కసిరారు. పోనీ ఎడమ చేత్తోనే తినండి, ఈ దేశంలో సగం మంది ఫోర్క్ ఆ చేత్తోనే పట్టుకుంటారు అన్నాను. ఆ మాటకి ప్లేట్ తీసుకుని గదిలోకి పోయారు.

ఎలా తింటారు? మా అమ్మాయి చిన్నప్పుడు ఎడమ చేత్తో పెన్సిల్ అందిస్తే తీసుకునేవారు కాదీయన. ఆ చేత్తో కాదమ్మా, ఈ చేత్తో అని మళ్లీ ఇప్పించుకునేవారు. గుళ్లో ఎవరైనా ఎడమ చెయ్యి చాపితే ప్రసాదం పెట్టేవారు కాదు. ఆయన పెట్టిన రూల్సే ఇప్పుడు ఆయన పీక మీద కూర్చున్నాయి. జాలేసేది, ఒళ్లూ మండేది. రెండూ ఒకేసారి. ప్యాంట్లన్నీ వదులైపోయాయి. విందులకి పిలిచేవాళ్లు పిలుస్తూనే ఉన్నారు, ఈయన తలనొప్పి అంటూనే ఉన్నారు. ఇలాగే వదిలేస్తే ఆ గదిలోనే కరిగిపోతారని నాకు భయం పట్టుకుంది.

మా పక్కింటాయన రైల్వేలో పనిచేసి రిటైరైన తెల్లాయన. ఏళ్ల కిందట మా ఆయన్ని ఊరి బయట మొక్కజొన్న చేల మధ్య ఉన్న షూటింగ్ క్లబ్‌కి తీసుకెళ్లి ఆ పిచ్చి అంటించింది ఈయనే. గుండె డాక్టరు గారు కూడా వాళ్లతో చేరాడు. ముగ్గురూ ఆదివారాలు పోయి, చిటికెన వేలి గోరంత తూటాలతో కాగితం మీద చిన్న చిన్న చిల్లులు పెట్టి, ఆ కాగితాలు తెచ్చి నాకు చూపించేవాళ్లు. నాకు చిర్రెత్తేది. ఒకపక్క స్కూళ్లలో పిల్లల్ని కాల్చేస్తున్నారని వార్తల్లో చూసి ఏడుస్తుంటే, ఇంట్లో ఈ సంబడం ఏమిటని. మా ఆయన సివిల్ ఇంజనీరు, కొలతల మనిషి. ఇది కోపంతో చేసే పని కాదే, ఊపిరి బిగబట్టి చేసే పని అనేవారు. నేను వినేదాన్ని కాదు.

ఆ పక్కింటాయనే ఒకరోజు మొక్కలకి నీళ్లు పడుతున్న నా దగ్గరికి కంచె దాకా వచ్చాడు. మీ ఆయన షూటింగ్‌కి రావచ్చు తెలుసా అన్నాడు. నేను తెల్లబోయి చూశాను. తుపాకీని చెయ్యి మోయక్కర్లేదు, బల్ల మీద ఇసక సంచీ మోస్తుంది. ఆయన పాత తుపాకీతో చిక్కేమిటంటే, పేల్చిన ప్రతిసారీ పక్కనున్న బోల్టు చేత్తో లాగి తోయాలి. అదే సెమీ ఆటోమేటిక్ అయితే ఖాళీ డొల్లని అదే విసిరేసి, ఇంకోటి అదే ఎక్కించుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కడానికి ఒక్క వేలుంటే చాలు, అది ఏ చేతిదైనా పరవాలేదు అన్నాడు.

ఏ చేతిదైనా పరవాలేదు. ఆ మాట మా ఆయన విషయంలో అన్న మనిషి అప్పటిదాకా ఎవరూ లేరు. నీళ్ల పైపు వదిలేసి నిలబడిపోయాను.

వేరే రాష్ట్రంలో డబ్లిన్ అనే ఊళ్లో ఉండే మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. తన అమెరికా తెలుగులో, నాన్న డిప్రెస్డ్‌గా ఉన్నాడు కదా అమ్మా, ఇంట్లో గన్ సేఫేనా అని అడిగింది. నా గుండెలో ఉన్న ముల్లూ అదే. ఆయన హాస్పిటల్ నుంచి వచ్చిన రోజే పాత తుపాకీని పక్కింటాయన బీరువాలో పెట్టించాను, ఎందుకో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈసారి పక్షవాతానికి చూసే డాక్టరుతో తేల్చుకున్నాకే అడుగేశాను. డాక్టరు నన్ను బయటికి పంపి మా ఆయనతో ఒక్కడే చాలాసేపు మాట్లాడాడు. బయటికొచ్చి, తాళం మీ దగ్గరే పెట్టుకోండి, ఆయన్ని మాత్రం బయటికి తీసుకెళ్లండి అన్నాడు.

మా రాష్ట్రంలో తుపాకీ కొనాలంటే సర్కారు ఇచ్చే కార్డుండాలి. తుపాకులంటే ఒంటికాలి మీద లేచే నేను ఆ కార్డుకి ఫోటో దిగాను. ఫోటోలో నా మొహం చూస్తే నాకే ఇవ్వబుద్ధి కాదు.

షాపుకి పక్కింటాయన తోడొచ్చాడు. కొత్తవి వద్దు, వాడినవే చూపించమన్నాం, ఎందుకంటే మా ఆయనకి సరిపోయేలా దాన్ని కొయ్యాలి, చెక్కాలి, కొత్తదాన్ని కొయ్యాలంటే చెయ్యి రాదు. గోడవారన పాతవి వరసగా నిలబెట్టి ఉన్నాయి. అందులో ఒకటి గోధుమరంగు చెక్కది, చెంప ఆనే చోట పాలిష్ అరిగిపోయి, కింద ఎవరో గోరుతో గీరినట్టు గీతలున్నాయి. ఎవరో చాలా ఏళ్లు ప్రేమగా వాడారని తెలుస్తోంది. గొట్టం లోపల ఎలా ఉందో చూడాలన్నాడు పక్కింటాయన. నేను పళ్ల డాక్టర్ని. నా హ్యాండ్‌బ్యాగ్‌లో పళ్లు చూసే చిన్న అద్దం ఎప్పుడూ ఉంటుంది. అది తీసి, ఫోన్ లైటు వేసి, నోట్లో చూసినట్టే చూశాను. ఎవరో సరిగ్గా బ్రష్ చెయ్యలేదు గానీ పుచ్చలేదు అన్నాను. షాపతను కౌంటర్ పట్టుకుని నవ్వాడు. దీనికి ఏం తగిలించొచ్చు, ఏం తగిలించకూడదు అని రూల్సన్నీ అతన్నే అడిగి తెలుసుకున్నాను, మా రాష్ట్రంలో వాటికి అంతూపొంతూ లేదు. డబ్బు కట్టినా వెంటనే ఇవ్వరు, కొన్నాళ్లు ఆగి మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాం.

గ్యారేజీలో బల్ల మీద పెట్టి మా ఆయన్ని పిలిచాను. వచ్చారు, చూశారు, ఎవరికిది అన్నారు. మీకే అన్నాను. నాకెందుకు అని లోపలికెళ్లిపోయారు. గది తలుపు పడింది. నాకు ఎక్కడ మండాలో అక్కడ మండింది. అయినా సరేనని మర్నాటి నుంచి పని మొదలుపెట్టాం.

ఈ తుపాకులన్నీ కుడిచేతి వాళ్ల కోసం చేసినవి. ఎడమ చెయ్యంటే చిన్నచూపు మనూళ్లోనే అనుకున్నాను, లోకమంతా అంతేనన్నమాట. పక్కింటాయన వెనక చెక్కని కాస్త కోసి పొట్టి చేశాడు, బలం లేని భుజానికి దగ్గరగా ఉండాలని. ఎడమ వేలితో వేసి తియ్యగలిగేలా సేఫ్టీ బటన్ మార్చాడు. బోల్టు పిడికి పొడుగాటి బొడిపె బిగించాడు. ఎడమ చెంప ఆనించుకోవడానికి మెత్త కట్టాడు, దాని ఎత్తుకి సరిపడా పైన దుర్భిణి బిగించాడు. మిగిలింది పిడికిలి పట్టే చోటు. ఆ చోటు కుడి అరచేతికి తగ్గట్టు ఉబ్బెత్తుగా ఉంది. అది ఆయన ఎడమ అరచేతికి సరిపోవాలంటే ఆ చేతి అచ్చు కావాలి. అచ్చులు తియ్యడం నా పని. నలభై ఏళ్లుగా చేస్తున్న పని.

క్లినిక్ నుంచి పుట్టీ తెచ్చాను, క్యాప్ వెయ్యాలంటే పంటికి పెట్టి కొరకమంటామే, ఆ రబ్బరు ముద్ద. ఆయన సోఫాలో ఉన్నారు. ఎదురుగా కూర్చున్నాను.

"ఆ చెయ్యి ఇటివ్వండి."

"ఏ చెయ్యి?"

"ఉన్న చెయ్యి."

కాసేపు నన్ను కోపంగా చూశారు. మూతి ముడుచుకునే ఇచ్చారు. కర్రముక్కకి పుట్టీ చుట్టి ఆయన చేతిలో పెట్టి, వేళ్లు మూసి, పైనుంచి నా రెండు చేతులతో పట్టుకున్నాను. అది గట్టిపడేదాకా కదలకూడదు. చేతిలో చెయ్యి, ఎదురెదురుగా మొహాలు. పెళ్లిలో నేను పట్టుకున్నది కుడి చెయ్యి. ఇన్నేళ్ల కాపురంలో ఈ ఎడమ చెయ్యిని ఇంతసేపు పట్టుకున్నదే లేదు. అది కూడా వెచ్చగానే ఉంది. దీనికేం పాపం తెలుసు అనిపించి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చూసి, పుట్టీ వాసనకా అన్నారు. అవునన్నాను.

ఆ అచ్చులోంచి ప్లాస్టర్‌తో ఆయన పట్టు పోతపోశాను. దాన్ని పక్కన పెట్టుకుని, పాత ఉబ్బెత్తు అరగదీసి, కట్టుడు పళ్లకి వాడే గులాబీరంగు మందు కలిపి చెక్కకి మెత్తి, డ్రిల్లుతో అరగదీస్తూ, మళ్లీ మెత్తుతూ కూర్చున్నాను. చిగుళ్ల రంగు పిడి ఉన్న తుపాకీ ఈ భూమ్మీద అదొక్కటే అయ్యుంటుంది. ఒక సాయంత్రం గ్యారేజీ తలుపు దగ్గర అలికిడైంది. మా ఆయన. కాసేపు నిలబడి, దగ్గరికొచ్చి, ఎడమ చేత్తో పిడి పట్టుకుని చూశారు.

"బొటనవేలు దగ్గర ఇంకో పొర తియ్యాలి. ఇక్కడ. ఇది కొలతా ఏమన్నానా," అన్నారు.

నా పనికి వంక పెట్టారంటే మనిషి తిరిగొస్తున్నట్టే. ఇంకో పొర తీశాను.

ఆ తర్వాత రోజూ బేస్‌మెంట్‌లో సాధన. తుపాకీ కోసం కొన్న ఇనప బీరువా తాళం నంబరు నాకొక్కదానికే తెలుసు, నేను తీసిచ్చి పక్కనే కూర్చునేదాన్ని. ప్లాస్టిక్ డమ్మీ తూటాలు పెట్టుకుని, గోడ మీద అతికించిన చుక్క వైపు పెట్టి, టిక్, టిక్. మొదట్లో ఎడమ కన్ను మాట వినలేదు. విసుక్కునేవారు, మళ్లీ కూర్చునేవారు. అన్నం మాత్రం ఇంకా తలుపేసుకునే. దసరా వెళ్లాక వచ్చే ఆదివారం క్లబ్‌కి పోదామా అని నేనే అడిగాను. వస్తాను గానీ లంచ్ కార్లో తింటాను, ఒక్కణ్నీ, అన్నారు. సరేనన్నాను.

ఇక దసరా. ప్రతి ఏడూ ఆయుధ పూజకి కారుకీ, మిక్సీకీ, క్లినిక్‌లో డ్రిల్లుకీ బొట్లు పెడతాను. పేషెంట్లు కుర్చీ మీద కుంకుమ చూసి రక్తమేమోనని హడలిపోతుంటారు. ఇన్నేళ్లూ మిక్సీకి చేసి, తీరా ఇంటికి నిజం ఆయుధం వస్తే చెయ్యకుండా ఉంటానా? తూటాలన్నీ తీసేసి, ఖాళీగా ఉందని ఎవరికైనా కనబడేలా బోల్టు వెనక్కి లాగి తెరిచిపెట్టి, అమ్మవారి ముందు పట్టుగుడ్డ మీద పడుకోబెట్టాను. గంధం, కుంకుమ పెట్టాను. దండం పెట్టుకుని, మా ఆయన గది తలుపు తెరుచుకునేలా చూడు తల్లీ అని అక్షింతలు చల్లాను. బాగా, భక్తిగా, దోసిలినిండా చల్లాను.

ఆదివారం పొద్దున చలిగా ఉంది. మొక్కజొన్న కోసేసిన చేలు బోసిగా ఉన్నాయి. గుండె డాక్టరు గారు మాకన్నా ముందే వచ్చి బల్లకి ఇసక సంచులు సర్దుతున్నాడు. వంకాయ జారిన ఆ భోజనం తర్వాత ఆయనా మా ఆయనా కలుసుకోవడం అదే మొదలు. ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. నేను పులిహోర తెచ్చాను. అందరికీ ఒక పెద్ద డబ్బా. మా ఆయనకి వేరే చిన్న డబ్బా, అందులో స్పూన్, కార్లో ముందు సీట్లో పెట్టాను.

ఆయన కూర్చున్నారు. వేలాడే కుడి చేతిని పక్కింటాయన ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఎడమ చెయ్యి గులాబీరంగు పిడిలో కూర్చుంది. చెంప ఆనించారు. పేలింది. చిన్న చప్పుడే, కాగితం అంచున చిల్లి. రెండోది నొక్కితే చప్పుడే లేదు. బోల్టు సగంలో ఆగిపోయింది. ఆయన మొహం మాడిపోయింది. చూశారుగా, ఈ చేత్తో ఇంతే అన్నట్టు వేలు తీసేశారు.

పక్కింటాయన గొట్టం ఎదర వైపే ఉంచి, తూటాల డబ్బీ ఊడదీసి, బోల్టు లాగి లోపలికి తొంగి చూశాడు. ఏదో పసుపు పురుగు ఉందన్నాడు. మా ఆయన వంగి చూశారు. మళ్లీ చూశారు. నా వైపు తిరిగారు.

"ఏమేవ్, దీనికి అక్షింతలు వేశావా?"

తల వంచుకున్నాను. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. కడుపు పట్టుకోడానికి ఒక్క చెయ్యే ఉండేసరికి ఒకపక్కకి ఒరిగిపోయి నవ్వుతున్నారు. బొట్టు పెట్టావు, అక్షింతలు వేశావు, పెళ్లికొడుకెవరే దీనికి అన్నారు. గుండె డాక్టరు గారు కూడా అందుకున్నాడు. పక్కింటాయనకి ఏమీ అర్థం కాకపోయినా నవ్వాడు. పక్షవాతం వచ్చాక ఆ నవ్వు విన్నది అదే మొదలు.

బ్యాగ్‌లోంచి పళ్ల మధ్య గుచ్చే సూది తీసి నేను ముందుకొచ్చాను. నువ్వుండు అని అది నా చేతిలోంచి తీసుకున్నారు. గొట్టం ఎదరకే ఉంచి, ఎడమ చేత్తో ఒక్కో గింజా ఓపికగా తీసి బల్ల మీద పెట్టారు. అలా సందుల్లోంచి చాలానే వచ్చాయి. మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం, ఎవరూ సాయం చెయ్యబోలేదు. మళ్లీ తూటాలు ఎక్కించి కాల్చారు. ఆగలేదు. చిల్లులు మెల్లమెల్లగా అంచు నుంచి మధ్యకొచ్చాయి. చివరి కాగితం పక్కింటాయన తెచ్చిస్తే, కొలతల మనిషి కదా, చాలాసేపు పరీక్షగా చూసి మడిచి జేబులో పెట్టుకున్నారు.

కాల్చాక సీసం మసి అంటుతుంది, సబ్బుతో కడుక్కోకుండా ఏదీ తినకూడదు. ఒక చెయ్యి తనని తాను కడుక్కోలేదు. కొళాయి దగ్గర నేనే సబ్బు రాసి, వేలు వేలు తోమి, తుడిచాను. తుడిచాక ఆయన కారు వైపు నడిచారు. నా ప్రాణం ఉసూరుమంది. తలుపు తీసి చిన్న డబ్బా తీసుకున్నారు. తలుపు వేసేశారు. తను లోపల కూర్చుని కాదు, బయట నిలబడి వేశారు. డబ్బా చంకలో పెట్టుకుని మేమున్న బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

మూత తియ్యమని నా ముందుకి తోశారు. తీశాను. స్పూన్ పక్కన పెట్టి, ఎడమ చేత్తో పులిహోర కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నారు. నాలుగు మెతుకులు గడ్డం మీద పడ్డాయి. అక్కడ టీవీ లేదు. ఉన్నా ఎవరూ అటు తిరిగేవాళ్లు కాదు. గుండె డాక్టరు గారు ఆయన్నే చూస్తూ, అమ్మవారి ప్రసాదం ఒక్కడివే తింటావా, నాకేదీ అని కుడి అరచెయ్యి చాపాడు. మా ఆయన ఆగారు. ఆ చేతిని చూశారు, తన చేతిని చూసుకున్నారు. జన్మలో ఎవరికీ ఆ చేత్తో ఏదీ ఇవ్వని మనిషి. ఇంకో ముద్ద చేసి ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన కళ్లకద్దుకుని తిన్నాడు.

అప్పుడు నా వైపు తిరిగారు. నేనూ చెయ్యి చాపాను. పెట్టారు. తిన్నాను.

"ఉప్పు తక్కువైంది," అన్నారు.

నిజమే, తక్కువైంది. చెయ్యి వెనక్కి తీసుకోకుండా, ఇంకొంచెం పెట్టండి అన్నాను.